ఇంట్లో ఎన్ని ఓట్లు?

2024లో నేను రెండు దేశాల్లో ఓటేశాను. మే 13న విజయవాడ సత్యనారాయణపురంలో, జులై 4న ఇంగ్లండులోని రెడింగ్‌లో. మధ్యలో 52 రోజులు. రెండు చోట్లా నేను చూపించిన గుర్తింపు ఒక్కటే, నా ఇండియన్ పాస్‌పోర్టు. ఈ సంగతి తెలియగానే మా పెద్దమ్మ అమ్మకు ఫోన్ చేసింది. "అదేంటే, పిల్ల మనకు చెప్పకుండా అక్కడి పౌరసత్వం పుచ్చుకుందా?" అని. పుచ్చుకోలేదు. ఆరేళ్ళుగా ఉద్యోగం అక్కడ, అమ్మా అమ్మమ్మా ఇక్కడ, అంతే.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు చాలామంది తమకు ఇక్కడ ఓటు లేదనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నేను వెళ్ళిన కొన్నాళ్ళకు జాబితా సవరిస్తూ "ఈ అమ్మాయి ఇంట్లో ఉండట్లేదు" అని నా పేరు తీసేశారు. చట్టప్రకారం అది సరైనదే. ఊళ్ళో నివసించని మనిషికి మామూలు ఓటరుగా చోటు లేదు. కానీ 2010లో చట్టం సవరించి, వేరే దేశపు పౌరసత్వం తీసుకోని భారతీయులు తమ పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీద ఓవర్సీస్ ఓటరుగా నమోదు కావచ్చన్నారు. దానికి ఫారం 6ఎ నింపాలి. 2023 చివర్లో ఆన్‌లైన్‌లో నింపి, ఫొటో, పాస్‌పోర్టు పేజీలు, వీసా వివరాలు అప్‌లోడ్ చేశాను. కొన్నాళ్ళకు మా బూతు ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి, బీఎల్‌ఓ ఒకావిడ ఇంటికి వచ్చి అమ్మ దగ్గర వివరాలన్నీ సరిచూసుకుంది. వెళ్తూ వెళ్తూ, "ఓటు వేయాలంటే మాత్రం ఒరిజినల్ పాస్‌పోర్టుతో మీ అమ్మాయే రావాలండీ, పోస్టులో కుదరదు" అని చెప్పిందట.

అసలు కష్టం అక్కడే ఉంది. సైన్యంలో ఉన్నవాళ్ళకు బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపించి, వాళ్ళు పోస్టులో తిప్పి పంపే ఏర్పాటు మన దేశంలో ఉంది. దాన్ని మాలాంటి వాళ్ళకూ వర్తింపజేయవచ్చని ఎన్నికల సంఘం 2020లో కేంద్రానికి రాసింది కూడా. 2024 ఎన్నికల నాటికి అది అమలుకు రాలేదు. అదే బ్రిటన్ చూడండి. 2024 జనవరి నుంచి, ఒకప్పుడు అక్కడ ఉండి వెళ్ళిపోయిన తమ పౌరులందరికీ, ఎన్నేళ్ళయినా సరే, ఓటు హక్కు ఇచ్చేసింది. వాళ్ళు పోస్టులో పంపొచ్చు, లేదంటే తమ తరఫున వేసే అధికారం వేరే మనిషికి ఇవ్వొచ్చు. నేను మాత్రం సెలవంతా దీనికే పెట్టి ఏడు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చాను. అంత డబ్బు పెట్టి ఎందుకని అమ్మ వద్దంది. అమ్మమ్మ రమ్మంది. అమ్మమ్మ మాటే విన్నాను.

మే 4న ఇంటికి చేరాను. మర్నాడు పొద్దున్న ఆరున్నరకే మైకు ఆటో లేపేసింది. అది బీఆర్‌టీఎస్ రోడ్డు వైపు తిరిగిందో లేదో రెండో పార్టీ ఆటో వచ్చింది. సినిమా పాటల బాణీల్లో పార్టీ మాటలు. రెండు ఆటోలూ సందు మొదట్లో ఎదురుపడితే ఒక్క మాట కూడా తెలియదు, ఒట్టి హోరు. మేడ మీద మా అమ్మమ్మ చెవిలో దూది పెట్టుకుని కూర్చునేది. అయినా కిందికి దిగి లోపల పడుకోమంటే వినేది కాదు. ఎవరు వచ్చి వెళ్తున్నారో చూడాలి ఆవిడకు. 89 ఏళ్ళు.

ఇంటింటి ప్రచారం రెండో రోజు సాయంత్రం మా వీధికి వచ్చింది. ముందు డప్పులు, వెనక కండువాలు, నలభై యాభై మంది. అభ్యర్థి మా గేటు దగ్గర ఆగి అమ్మకు దండం పెట్టి, అమ్మమ్మ కాళ్ళకు నమస్కారం చేశారు. ఎదురింటి ఆంటీ హారతిచ్చింది. ఫొటో తీశారు. పావు నిమిషం పట్టిందేమో. ఆ గుంపు పక్కింటికి కదిలాక, వెనక నుంచి ఒక కుర్రాడు ఓటర్ల లిస్టు పట్టుకుని వచ్చాడు.

"ఇంట్లో ఎన్ని ఓట్లమ్మా?"

"నాలుగు," అంది అమ్మ.

"తమ్ముడు హైదరాబాద్ నుంచి వస్తున్నాడా పిన్నిగారూ? బస్సు టికెట్ చూడమంటారా?"

అతనికి అన్నీ తెలుసు. తమ్ముడు కూకట్‌పల్లిలో ఉంటాడని, అమ్మమ్మ ఎక్కువ దూరం నడవలేదని, ఈ ఏడాది నేను కొత్తగా జాబితాలోకి వచ్చానని కూడా. రెండు రోజుల తర్వాత అవతలి పార్టీ వాళ్ళు వచ్చారు. మొదటి ప్రశ్న అక్షరం మారలేదు. ఇంట్లో ఎన్ని ఓట్లు. మన దగ్గర ప్రచారం లెక్క ఇంటితో మొదలవుతుంది. ఆ ఇంటి పెద్దను పట్టుకుంటే మిగతా ఓట్లు వాటంతట అవే వస్తాయని ఒక నమ్మకం. చిన్నప్పటి నుంచీ వింటున్న ప్రశ్నే అయినా, ఆ రోజు అది నాకు కొత్తగా వినిపించింది. ఎన్ని ఓట్లని అందరూ అడిగారు. ఆ నాలుగు ఓట్ల వాళ్ళకు ఏం కావాలో ఒక్కరూ అడగలేదు.

మే 8న బందరు రోడ్డు మీద ప్రధాని మోదీ రోడ్ షో జరిగింది. చంద్రబాబు, పవన్ కల్యాణ్ కూడా ఆ వాహనం మీదే ఉన్నారు. మున్సిపల్ స్టేడియం దగ్గర మొదలై బెంజ్ సర్కిల్ దాకా రోడ్డంతా జనమే. నేను ఒక బట్టల షాపు మెట్ల మీద నిలబడి చూశాను. అంతకు కొన్ని వారాల ముందు అప్పటి ముఖ్యమంత్రి జగన్ బస్సు యాత్ర నగరంలోకి వచ్చినప్పుడూ ఇంతే జనం అని షాపు వాళ్ళు చెప్పారు. ఆ ఉత్సాహం నాకు నచ్చిందని ఒప్పుకుంటాను. ఇంగ్లండులో రాజకీయాల కోసం మనుషులు అలా రోడ్ల మీదికి రావడం నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఆ వాహనాలు, ఆ పూలు, ఆ జెండాలు చూసిన వాళ్ళెవరికైనా ఒక సందేహం వస్తుంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు, లోక్‌సభకైతే 95 లక్షలు. పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఈ తలుపు మూసి ఆ తలుపు తెరిచినట్టు ఉంది ఆ రూలు.

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలి. మే 11 సాయంత్రం ఆరింటికి మైకులన్నీ ఆగిపోయాయి. ఒక్కసారిగా వీధి ఎంత నిశ్శబ్దం అయిందంటే పక్కింటి కుక్కర్ కూత కూడా వినిపించింది. ఓటరు ప్రశాంతంగా ఆలోచించుకోవాలని పెట్టిన గడువది. ఆ రాత్రి పదిన్నరకు తలుపు చప్పుడైంది. ఏ పార్టీ అన్నది రాయను, ఎంత అన్నదీ రాయను. వచ్చినతను తెలిసిన మనిషే. అతని చేతిలో లిస్టు, దాంతో పాటు కవర్లు.

"నాలుగు కదమ్మా?"

"మాకొద్దు బాబూ," అంది అమ్మ.

"వద్దంటే అవతలి వాళ్ళకు వేస్తారని రాసుకుంటారమ్మా. నా మాట విని తీసుకోండి, ఓటు మీ ఇష్టం."

అమ్మ తీసుకోలేదు. తలుపు వేసి చాలాసేపు మాట్లాడలేదు. అతని మాటల్లో బెదిరింపు లేదు. నిజంగానే మా మంచి కోరి చెప్పినట్టు చెప్పాడు. నన్ను బాధపెట్టింది అదే. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే, ఏడాది దాకా జైలు పడొచ్చు. వద్దన్న వాళ్ళు మాత్రం అనుమానితుల లిస్టులోకి వెళ్తారు. తమ్ముడికి ఫోన్‌లో చెబితే ఎన్నికల సంఘం వాళ్ళ సీ-విజిల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టమన్నాడు. వంద నిమిషాల్లో చర్య తీసుకుంటారట. అమ్మ నా చేయి పట్టుకుని, "రేపటి నుంచి వీధిలో మొహమొహాలు చూసుకోవాలే, నువ్వు వెళ్ళిపోతావు, మేముండాలి" అంది. నేను పెట్టలేదు. పెట్టి ఉండాల్సిందని ఇవాళ్టికీ అనుకుంటూ ఉంటాను.

తమ్ముడు మే 12న వచ్చాడు. హైదరాబాద్ నుంచి మనవాళ్ళంతా ఒకేసారి బయలుదేరడంతో పంతంగి టోల్ గేట్ దగ్గర కార్లు బారులు తీరాయి. అయిదు గంటల ప్రయాణానికి తొమ్మిది గంటలు పట్టింది. ముందు రోజే ఎవరి సొమ్ముతోనూ కాకుండా తన డబ్బుతో టికెట్ కొనుక్కున్నానని, మేం అడక్కపోయినా చెప్పాడు. సీటు దొరకని వాళ్ళు డ్రైవరు పక్కన కూర్చుని, నిలబడి కూడా వచ్చారట.

ఇక పోలింగ్ రోజు. అమ్మమ్మకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. 85 దాటిన వాళ్ళు ముందే ఫారం 12డి ఇస్తే సిబ్బంది ఇంటికి బ్యాలెట్ తెచ్చి, వీడియో తీస్తూ, ఓటు వేయించుకుని వెళ్తారు. బీఎల్‌ఓ ఆ ఫారం తెచ్చిస్తే అమ్మమ్మ తిప్పి పంపేసింది. "కాళ్ళున్నంత కాలం బూతుకే వస్తా" అంది. ఆవిడ మొదటి ఓటు 1957లో. అప్పుడు కాగితం మీద గుర్తు పెట్టే పనే లేదట. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. ఇచ్చిన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి రావడమే. "మీ తాతయ్య బయట నిలబడి ఏ పెట్టెలో వేశావని అడిగారు. చెప్పలేదు" అని ఆవిడ ఆ రోజు దారిలో నాకు చెప్పింది. ఆ మాట ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

ఏడింటికే స్కూలు ఆవరణలో క్యూ గేటు దాటింది. ఉక్కపోత. అమ్మమ్మను వీల్ చైర్లో కూర్చోబెట్టి ముందుకు పంపించారు. నా సంగతే ఇబ్బంది అయింది. బయట టేబుల్ దగ్గర స్లిప్పులు రాసేవాళ్ళకు నా పేరు దొరకలేదు. ఓవర్సీస్ ఓటర్ల పేర్లు ఆ భాగం జాబితా చివర విడిగా ఉంటాయి. ఆ పేజీ చూడమని నేనే చెప్పాల్సి వచ్చింది. లోపల ఒక అధికారి ఓటరు కార్డు ఏదన్నారు. మాకు కార్డు ఇవ్వరండీ, పాస్‌పోర్టే చూపించాలి అన్నాను. ఆయన పక్కాయనతో మాట్లాడారు, ప్రిసైడింగ్ ఆఫీసర్ వచ్చారు, పుస్తకం తిప్పారు. వెనక క్యూలో సణుగుడు మొదలైంది. గుండె దడదడలాడింది. ఇంత దూరం వచ్చి వెనక్కి పంపేస్తారేమో అని నిజంగా టెన్షన్ పడ్డాను. అయిదారు నిమిషాల తర్వాత ఆయన పాస్‌పోర్టు తిరిగిచ్చి, "ఇలాంటి ఓటు నా సర్వీసులో మీదే మొదటిదమ్మా, ఏమీ అనుకోకండి" అన్నారు. వేలికి సిరా పెట్టారు. మెషీన్ మీద బటన్ నొక్కాక పక్కన వీవీప్యాట్ కిటికీలో చిన్న స్లిప్పు ఏడు సెకన్లు కనిపించి లోపలికి జారిపోయింది. రెండోసారి ఇంకో మెషీన్ దగ్గర అదే పని. ఆ ఏడేసి సెకన్ల కోసం నేను ఎంత దూరం నుంచి వచ్చానో తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు రాష్ట్రంలో కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటేదాకా క్యూలో నిలబడి ఓట్లు వేశారు. పోస్టల్ బ్యాలెట్‌తో కలిపి 81.86 శాతం పోలింగ్.

నేను తిరిగి రెడింగ్ చేరిన రెండు రోజులకు, మే 22న, ప్రధాని రిషి సునాక్ తన ఇంటి ముందు వానలో తడుస్తూ నిలబడి జులై 4న ఎన్నికలని ప్రకటించారు. నా వేలి మీద సిరా ఇంకా నల్లగానే ఉంది.

అక్కడ నాకు ఓటెలా వచ్చిందని అందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. కామన్‌వెల్త్ దేశాల పౌరులు సక్రమమైన వీసాతో బ్రిటన్‌లో నివసిస్తుంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. ఒకప్పుడు సామ్రాజ్యంలో ఉన్నవాళ్ళందరినీ ఒకే రాజు ప్రజలుగా లెక్కించిన రోజుల నుంచి మిగిలిన హక్కు అది. మా ఆఫీసులో పోలండ్ ఆవిడ ఒకరు పదిహేనేళ్ళుగా అక్కడ పన్నులు కడుతోంది, ఆవిడకు పార్లమెంటు ఓటు లేదు. ఆరేళ్ళ కిందట వెళ్ళిన నాకుంది. చాలామంది మనవాళ్ళలాగే నేనూ మొదటి ఏడాదే ఆన్‌లైన్‌లో నమోదయ్యాను. జాబితాలో పేరుంటే బ్యాంకు వాళ్ళు చూసే క్రెడిట్ స్కోరుకు మంచిదని చెబితే చేసిన పని. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ ఇంటికి రాలేదు.

ఆ ఆరు వారాల్లో మా వీధిలో ఒక్క మైకు వినిపించలేదు. కొన్ని కిటికీల్లో పోస్టర్లు, తలుపు సందులోంచి లోపల పడే కరపత్రాలు, అంతే. ప్రతి అభ్యర్థి తరఫునా ఒక్కో ఓటరుకు ఒక కరపత్రాన్ని పోస్టు శాఖ ఉచితంగా చేరవేస్తుంది. టీవీలో పార్టీలు డబ్బిచ్చి ప్రకటనలు వేసుకోవడం నిషేధం. అభ్యర్థి ఖర్చుకు పరిమితి మా నియోజకవర్గం లాంటి చోట సుమారు 17 వేల పౌండ్లు, అంటే మన రూపాయల్లో 18 లక్షల చుట్టూ. పార్టీ ఖర్చుకు కూడా వేరే పరిమితి ఉంది.

జూన్‌లో ఒక సాయంత్రం బెల్ మోగింది. డెబ్బై ఏళ్ళ ఆయన, చొక్కాకు పార్టీ రిబ్బన్ పువ్వు, చేతిలో కాగితాల అట్ట. ఒంటరిగా వచ్చారు. ఆ కాగితంలో మా ఫ్లాట్‌లో ఉండే మా ఇద్దరి పేర్లూ విడివిడిగా ఉన్నాయి. ఆయన నా పేరు కష్టపడి పలికి, తమ పార్టీకి ఓటు వేసే ఆలోచన ఉందా అని అడిగారు. నిర్ణయించుకోలేదన్నాను. వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. "ఈ ప్రాంతంలో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్న విషయం ఏదైనా ఉందా?"

నాకు నోట మాట రాలేదు. ముప్పై ఆరేళ్ళు వచ్చాయి, ఓటు అడగడానికి వచ్చిన మనిషి నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. కాస్త ఆగి, రాత్రి ఎనిమిది దాటితే స్టేషన్ నుంచి మా వైపు బస్సు గంటకొకటే ఉంటోందని చెప్పాను. ఆయన అది రాసుకున్నారు. మొత్తం రెండు నిమిషాలు. ఆయన వెళ్ళాక తలుపు వేసి అక్కడే నిలబడిపోయాను. ఒక రకంగా అదీ లెక్కే. ఎవరు మనవాళ్ళు, ఎవరు కాదు అని గుర్తు పెట్టుకోవడానికే ఆ కాగితం, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఆ గళ్ళల్లో నా బస్సుకు కూడా ఒక గడి ఉంది.

జూన్ 4 తెల్లవారుజామున మూడున్నరకు లేచి ఫోన్‌లో మన కౌంటింగ్ చూశాను. విజయవాడలో అప్పుడు ఎనిమిది గంటలు. ఓట్లు వేసిన 22 రోజులకు మెషీన్లు తెరిచారు. అదే రోజు రాత్రి తొమ్మిదికి అక్కడి టీవీలో సునాక్, ప్రతిపక్ష లేబర్ పార్టీ నాయకుడు కీర్ స్టార్మర్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి మామూలు జనం అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఒకరి మాటకు ఒకరు అడ్డం పడ్డారు, అది గొప్ప చర్చేమీ కాదు. కానీ పొద్దున్నే మన ఫలితాలు చూసి వచ్చిన కళ్ళతో చూస్తే, మన నాయకులను అలా ఒకే వేదిక మీద ఎన్నడూ చూడలేదన్న సంగతి గట్టిగా గుచ్చుకుంది.

దానికన్నా నాకు బాగా గుర్తుండిపోయింది మా వీధి చివర చర్చి హాల్లో జరిగిన సభ. హస్టింగ్స్ అంటారు. నియోజకవర్గంలో నిలబడిన అభ్యర్థులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఓటర్లు ప్రశ్నలడుగుతారు. అరవై కుర్చీలు, ఒక మైకు, గది మూల టీ. నిర్వహించేది ఏ పార్టీ కాదు, ఆ చర్చి వాళ్ళే. ఒక్కొక్కరికి ఒక నిమిషం. నిమిషం దాటితే గంట కొట్టేవారు, ఎంత పెద్ద పార్టీ అభ్యర్థి అయినా. ఒక ముసలావిడ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం లేదని అడిగింది. ఒక కుర్రాడు అద్దెల గురించి. ఇంకొకాయన థేమ్స్ నదిలోకి నీటి కంపెనీలు మురుగు వదిలేస్తుంటే మీరు పార్లమెంటులో ఏం చేస్తారు, అవును కాదు అని కాకుండా వివరంగా చెప్పండి అని అడిగారు. బల్ల దగ్గరున్న అయిదుగురూ వరసగా జవాబు చెప్పాల్సి వచ్చింది. ఒకరికి ఆ విషయం తెలియదని హాలంతటికీ అర్థమైంది. ఎవరూ అరవలేదు. అది అర్థమవడమే చాలు.

నా పక్క కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ టీచరు ఒకావిడతో మా ఊళ్ళో కవర్ల సంగతి చెప్పాను. చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఆవిడ తల ఊపి, ఒకప్పుడు తమ దేశంలోనూ బీరు పోసి, డబ్బులిచ్చి ఓట్లు కొనేవాళ్ళని, అందరి ముందూ నోటితో చెప్పి ఓటు వేయాల్సి వచ్చేదని చెప్పింది. 1872లో రహస్య బ్యాలెట్ వచ్చింది, 1883లో అభ్యర్థుల ఖర్చుకు చట్టం హద్దు పెట్టింది, ఆ తర్వాతే తగ్గిందట. ఇప్పటికీ ఓటు కోసం భోజనం పెట్టినా అక్కడ నేరమే.

జులై 4 గురువారం. సెలవు లేదు. పోలింగ్ పొద్దున్న ఏడు నుంచి రాత్రి పది వరకు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఏడున్నరకు వెళ్ళాను, ఇంకా ఎండ ఉంది. ఆ చర్చి హాలే పోలింగ్ స్టేషన్. పోలీసు లేడు, క్యూ లేదు. నా ముందు ఒకాయన కుక్కను గేటుకు కట్టి లోపలికి వెళ్ళాడు. గుర్తింపు కార్డు చూపించాలన్న నియమం ఇంగ్లండులో పార్లమెంటు సాధారణ ఎన్నికలకు అదే మొదటిసారి. కామన్‌వెల్త్ దేశాల పాస్‌పోర్టు ఏదైనా సరిపోతుంది. నా పాస్‌పోర్టు తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి ఫొటో చూసి, నా మొహం చూసి, జాబితాలో గీత గీసి బ్యాలెట్ ఇచ్చింది. విజయవాడలో అయిదారు నిమిషాలు పట్టిన పని ఇక్కడ అర నిమిషం. తర్వాత ఆమె చూపు నా చేతి మీద పడింది. గోటి చివర ఇంకా సన్నటి నల్ల గీత. దెబ్బ తగిలిందా అని అడిగింది. మా దేశంలో ఓటేశాక పెట్టే సిరా అని చెప్పాను. ఆమె పక్కనున్న ఆయనను పిలిచి చూపించింది.

దారానికి కట్టిన పెన్సిల్‌తో గడిలో ఇంటూ మార్కు పెట్టి, కాగితం మడిచి నల్ల పెట్టెలో వేశాను. నోటా లేదు. సిరా పెట్టలేదు. బయటికి వచ్చి చూసుకుంటే నాలుగు నిమిషాలు. హాయిగానే ఉంది, కానీ ఏదో వెలితి. నేను ఓటేసినట్టు ఆ వీధిలో ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కర్లేదు. ఆఫీసులో సగం మంది ఆ రోజు ఎన్నికల మాటే ఎత్తలేదు. దేశం మొత్తం మీద ఓటేసింది 60 శాతం మంది. తొమ్మిది గంటలు బస్సులో నిలబడి వచ్చినవాళ్ళ ఊరి నుంచి వెళ్ళిన నాకు అది అర్థం కాదు, ఇప్పటికీ.

రాత్రి పదింటికి పోలింగ్ ముగిసింది, అప్పుడే లెక్కింపు మొదలైంది, తెల్లారేసరికి ప్రభుత్వం మారిపోయింది. మధ్యాహ్నానికి సునాక్ ఇల్లు ఖాళీ చేశారు. ఒక్క విషయంలో మాత్రం రెండు దేశాలూ ఒకటే. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే పద్ధతి మనం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాం. అక్కడ లేబర్ పార్టీకి దాదాపు 34 శాతం ఓట్లతో 650 సీట్లలో 411 వచ్చాయి. మన రాష్ట్రంలో 39 శాతం పైగా ఓట్లు వచ్చిన పార్టీకి 175లో 11. ఏ పార్టీ వాళ్ళయినా సరే, ఈ లెక్క గురించి ఆలోచించాలి.

జులై 5 సాయంత్రం అమ్మమ్మకు వీడియో కాల్ చేశాను. పెన్సిల్ సంగతి విని కంగారు పడింది. "ఎవరైనా చెరిపేస్తేనో?" అని. కావాలంటే సొంత పెన్ను తీసుకెళ్ళొచ్చని, పెట్టెలకు సీలు వేసి ఆ రాత్రే అందరి ముందూ లెక్కపెడతారని చెప్పాను. తర్వాత ఆ పెద్దాయన తలుపు కొట్టిన సంగతి చెప్పాను.

"ఏం కావాలని అడిగారా? వాళ్ళే అడిగారా?"

"అవును అమ్మమ్మా."

"నువ్వేం చెప్పావు?"

"బస్సు గురించి."

కాసేపు మాట్లాడలేదు. ఫోన్ పట్టుకున్న చేయి దించింది, తెర మీద ఫ్యాను కనిపిస్తోంది.

"నన్నడిగితే ఏలూరు కాలవ సంగతి చెబుతాను. నేను కాపరానికి వచ్చినప్పుడు ఆ నీళ్ళు తాగేవాళ్ళం. ఇప్పుడు పక్క నుంచి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాలి. రాసుకో. రెండోది, బూతు దగ్గర ఆడవాళ్ళకు కూర్చోవడానికి ఒక బల్లన్నా లేదు. రాసుకుంటున్నావా?"

రాసుకుంటున్నానని చెప్పాను. "మూడోది," అంటూ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ కాగితం ఇప్పుడు విజయవాడలో మా ఇంట్లో, గుమ్మం పక్కన గూట్లో ఉంది. ఈసారి లిస్టు పట్టుకుని ఎవరొచ్చినా ముందు అదే ఇస్తానని అమ్మ చెప్పింది.